పల్లీలో నూనె ఎంత? రకాన్ని అడగాలి, నేలనూ అడగాలి

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన భారత ఆహార పదార్థాల పట్టికలో 100 గ్రాముల పల్లీలకు కొవ్వు 40 గ్రాముల కంటే కాస్త తక్కువ. అమెరికా వ్యవసాయ శాఖ పట్టికలో అదే వేయించని పల్లీకి 49 గ్రాములు. తేమ వల్ల వచ్చిన తేడా అనుకుందామంటే, రెండు పట్టికల్లోనూ తేమ 7 శాతం దగ్గరే ఉంది. తేమ మొత్తం తీసేసి ఎండు బరువు మీద లెక్క కట్టినా ఒకటి 42.6, రెండోది 52.7 వస్తుంది. అంటే పది పాయింట్ల తేడా. రెండు పట్టికల్లో ఏదీ తప్పు కాదు. కొలిచిన పల్లీలే వేరు. రకం వేరు, పండిన నేల వేరు, పీకిన అదను వేరు, ఏరివేత వేరు. మన పట్టికకు నమూనాలు దేశంలోని ఆరు ప్రాంతాల నుంచి తెచ్చారు కాబట్టి అందులో కనిపించే అంకె సగటు మాత్రమే. బేగంబజార్‌లో కొన్న ఫలానా బస్తాకు ఆ అంకె వర్తిస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు.

తేడాలు ఎంత దూరం పోగలవో తెలియాలంటే నగరం పొలిమేరలోని పటాన్‌చెరు దాకా వెళ్తే చాలు. 1972లో మొదలైన అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ అక్కడే ఉంది. విత్తనాలను భద్రపరిచే దాని జన్యునిధిలో 15,000కు పైగా వేరుశనగ నమూనాలు ఉన్నాయి. వాటిలో వేల నమూనాలను పరీక్షించినప్పుడు నూనె దాదాపు 32 శాతం నుంచి 55 శాతం వరకు, ప్రొటీన్ దాదాపు 16 నుంచి 34 శాతం వరకు కనిపించాయి. పేరు ఒక్కటే, లోపలి సరుకులో ఇంత తేడా. అందుకే పల్లీ విషయంలో ‘ఎంత శాతం’ అని అడిగే ముందు ‘ఏ రకం, ఎక్కడిది, ఏ కారుది (ఏ పంట కాలానిది)’ అని అడగాలి. గానుగ ఆడించేవారికి, పల్లీ పట్టీ చేసేవారికి, ల్యాబ్ రిపోర్టు చదివేవారికి ఈ మూడూ తెలియకపోతే శాతం తెలిసినా ఉపయోగం తక్కువ.

అన్ని గుణాలూ ఒకే తీరుగా మారవు. నూనెలోని ప్రధాన కొవ్వు ఆమ్లాలైన ఓలిక్, లినోలిక్‌ల పాళ్లు చాలావరకు రకం చేతిలో ఉంటాయి. మొత్తం నూనె, ప్రొటీన్ల మీద రకంతో పాటు కాలానికీ గింజ ముదురుదనానికీ పెత్తనం ఉంటుంది. కాల్షియం, జింక్, ఇనుము లాంటి ఖనిజాలు నేలను బట్టి ఎక్కువగా మారతాయి. తీపి, వేయించినప్పుడు వచ్చే కమ్మదనం పీకిన రోజు మీద, ఆరబెట్టిన తీరు మీద ఆధారపడతాయి.

రకాన్నీ చోటునూ విడదీయడం

వనపర్తి నుంచి వచ్చిన బస్తాకూ గుజరాత్ నుంచి వచ్చిన బస్తాకూ పరీక్ష చేయించి, ఒకదాంట్లో నూనె నాలుగు శాతం ఎక్కువ వచ్చిందని ‘ఆ నేల గొప్పది’ అనేస్తే లెక్క తప్పినట్టే. రెండు బస్తాల్లో రకాలు వేరైతే ఆ నాలుగు శాతం రకానిదో నేలదో చెప్పలేం. విడదీయాలంటే దారి ఒక్కటే. అవే రకాలను అన్ని చోట్లా, అదే ఏడాది, ఒకే సాళ్ల దూరంతో వేయాలి. ఇంకో ఏడాది కూడా అలాగే చేయాలి. అప్పుడు మూడు ప్రశ్నలకు జవాబు దొరుకుతుంది: ఏ చోట వేసినా పైన ఉండే రకం ఏది, ఏ రకం వేసినా మెరుగ్గా వచ్చే చోటు ఏది, ఒక చోట మొదట నిలిచి ఇంకో చోట వెనకబడే రకం ఏది. ఈ మూడోదే అసలు చిక్కు. నూనె శాతంలో ఇలా తారుమారు కావడం మామూలే. కదిరిలో ముందున్న రకం పాలమూరు యాసంగిలో కూడా ముందుంటుందని రాసి ఇవ్వలేం. ఒక్క ఏడాది, ఒక్క చోటు ఫలితం పట్టుకుని రకానికి ‘నూనె శాతం’ అచ్చు వేస్తే ఆ అంకెను సగమే నమ్మాలి.

నూనె కంటే నూనె తీరు ముఖ్యం

పల్లీ నూనెలోని కొవ్వు ఆమ్లాల్లో దాదాపు 80 శాతం రెండే: ఓలిక్, లినోలిక్. మిగిలినదాంట్లో పెద్ద వాటా పామిటిక్‌ది. టీఎంవీ 2, కదిరి 6 లాంటి స్పానిష్ గుత్తి రకాల్లో ఓలిక్ 40–45 శాతం, లినోలిక్ 35–38 శాతం ఉంటాయి. అంటే ఒకటికి ఒకటి, కాస్త అటూ ఇటూ. వర్జీనియా తరహా పెద్ద గింజల్లో ఓలిక్ 50 దాటి, లినోలిక్ 30కి అటూ ఇటూగా ఉంటుంది. ఈ నిష్పత్తి ఎందుకు పట్టించుకోవాలంటే, గాలి తగిలినప్పుడు లినోలిక్ ఆమ్లం ఓలిక్ కంటే పది రెట్ల దాకా వేగంగా ఆక్సీకరణ చెందుతుంది. పల్లీలకు ముక్కిన వాసన వచ్చేది దీనివల్లే.

1987లో అమెరికాలోని ఫ్లోరిడా పరిశోధకులు ఓలిక్ 80 శాతం దాకా ఉన్న ఒక పల్లీ వరుసను ప్రకటించారు. అందులో లినోలిక్ 2–3 శాతమే. దీని వెనక ఉన్న కారణం ఇది: ఓలిక్‌ను లినోలిక్‌గా మార్చే ఎంజైమును తయారుచేసే ఎఫ్‌ఏడీ2 అనే జన్యువు పల్లీలో రెండు జతలుగా ఉంటుంది. ఎందుకంటే సాగులో ఉన్న పల్లీ, దక్షిణ అమెరికాకు చెందిన రెండు అడవి జాతులు కలిసి పుట్టిన మొక్క. ఒక్కో జాతి నుంచి ఒక్కో జన్యువు వచ్చింది. రెండూ చెడితేనే ఓలిక్ 80 దాటుతుంది, ఒకటి పనిచేస్తున్నా చాలు లినోలిక్ తయారవుతూనే ఉంటుంది. అందుకే ఈ గుణాన్ని మామూలు రకాల్లోకి ఎక్కించడానికి సంవత్సరాలు పట్టింది. ఇక్రిశాట్, జునాగఢ్‌లోని వేరుశనగ పరిశోధన సంచాలకాలయం కలిసి మన నేలలకు తెచ్చిన గిర్నార్ 4, గిర్నార్ 5 రకాలు ఈ కోవవే. 2020 అక్టోబరు 16న ప్రధాని జాతికి అంకితం చేసిన 17 పోషక రకాల జాబితాలో ఇవి రెండూ ఉన్నాయి.

ఇక్కడ చోటు ప్రభావం ఎంతో చూద్దాం. మామూలు రకాల్లో ఆ ఎంజైము చలికి చురుగ్గా పనిచేస్తుంది. గింజ ఊరే రోజుల్లో రాత్రులు చల్లబడితే లినోలిక్ పెరిగి ఓలిక్ తగ్గుతుంది. వేడిగా ఉంటే ఓలిక్ పెరుగుతుంది. నాగర్‌కర్నూల్ వైపు సెప్టెంబరు, అక్టోబరుల్లో వేసిన యాసంగి పంటకు గింజ ఊరేది డిసెంబరు, జనవరి చలిలోనే. అదే రకం అనంతపురంలో వానాకాలం పంటగా వేస్తే గింజ ఊరేది ఆగస్టు, సెప్టెంబరుల్లో, ఇంకా వేడిగా ఉన్నప్పుడు. రకం ఒక్కటే అయినా నూనె తీరు రెండు చోట్లా కొన్ని శాతాలు అటూ ఇటూ అవుతుంది. గిర్నార్ లాంటి రకాల్లో ఆ ఎంజైమే కుంటుపడింది కాబట్టి చలి వచ్చినా దానికి చేయడానికి పెద్దగా పని ఉండదు. ఎక్కడ పండినా ఓలిక్ 80 దగ్గరే నిలబడుతుంది. చోటు ప్రభావాన్ని రకం దాదాపు అణచిపెట్టిన అరుదైన సందర్భం ఇది.

అయితే ఈ లాభం విత్తన శుద్ధి మీద నిలబడి ఉంది. ఓలిక్ 80, లినోలిక్ 3 ఉన్న సరుకులో నిష్పత్తి దాదాపు 27. అందులో ఓలిక్ 42, లినోలిక్ 37 ఉన్న మామూలు పల్లీ పదో వంతు కలిసిందనుకుందాం. ఓలిక్ 76కి దిగుతుంది, పెద్ద నష్టంగా అనిపించదు. లినోలిక్ మాత్రం 6.4కు పెరిగి నిష్పత్తి 12కు పడిపోతుంది. వేయించి ప్యాకెట్లలో నింపే సరుకైతే పరిస్థితి ఇంకా కష్టం. సగటు బాగానే ఉన్నా, కలిసిన ఆ పదో గింజ ముందుగా ముక్కి నోటికి తగులుతుంది. నూర్పిడి యంత్రంలో మిగిలిపోయిన పాత కాయలు, కల్లంలో పక్క కుప్ప, డొల్ల ఒలిచే మిల్లులో ముందు ఆడిన సరుకు... కల్తీ జరిగేది సాధారణంగా ఈ మూడు చోట్లే.

ఇంకో సంగతి కూడా ముందే తెలిసి ఉండాలి. నూనె ఎంత అసంతృప్తమో చెప్పే అంకెను అయోడిన్ విలువ అంటారు. మామూలు పల్లీ నూనెకు అది 85 నుంచి 99 మధ్య ఉండాలని ప్రమాణం. ఓలిక్ ఎక్కువున్న రకాల నూనెకు ఆ విలువ 75 దగ్గరికి పడుతుంది. పాత కొలబద్దతో చూస్తే స్వచ్ఛమైన గానుగ నూనె కూడా కల్తీలా కనిపిస్తుంది. అలాంటప్పుడు గ్యాస్ క్రొమటోగ్రఫీతో కొవ్వు ఆమ్లాలను విడివిడిగా కొలిపించాలి.

పల్లీ పట్టీ, వేయించిన పల్లీలు, పీనట్ బటర్ లాంటివి నెలల తరబడి అంగట్లో ఉండాల్సిన సరుకులు. వాటికి ఓలిక్ రకానికి పెట్టే అదనపు ధర న్యాయమైనదే. ఇంట్లో వారం పది రోజుల్లో చట్నీకో బగారా బైంగన్ మసాలాకో అయిపోయే పల్లీకి ఆ తేడా నాలుకకు తెలియదు.

నేల ఇచ్చేది

పల్లీ కాయకు ఒక విచిత్రం ఉంది. తనకు కావలసిన కాల్షియాన్ని అది వేరు ద్వారా తెచ్చుకోదు. వేరు పీల్చిన కాల్షియం నీటితో పాటు ఆకులకు వెళ్లిపోతుంది, అక్కడి నుంచి కిందికి తిరిగి రాదు. అందుకే ఊడ (పూత తర్వాత పువ్వు నుంచి కిందికి పెరిగే కాడ) నేలలోకి దిగాక, కాయ తన డొల్ల గుండా చుట్టూ ఉన్న మట్టి నుంచి నేరుగా కాల్షియం పీల్చుకుంటుంది. కాయ చుట్టూ ఉన్న రెండు మూడు అంగుళాల మట్టిలో కాల్షియం లేకపోయినా, ఆ పొర ఎండిపోయినా కాయలు తాలు పోతాయి. నిండిన గింజలు కూడా చిక్కిపోయి, నూనె తక్కువగా వస్తాయి. ఎర్ర చెల్క నేలల్లో, ఇసుక నేలల్లో ఈ బెడద ఎక్కువ. ఎకరాకు 200 కిలోల జిప్సం పూత దశలో, ఊడలు దిగే ముందు, మొక్క మొదళ్ల దగ్గర వేసి మట్టి ఎగదోయమని చెప్పేది ఇందుకే. దుక్కిలోనే వేసేస్తే వానకు కిందికి దిగిపోయి కాయకు అందదు. జిప్సంలో కాల్షియం దాదాపు 23 శాతం, గంధకం 18 శాతం దాకా ఉంటాయి. ఈ గంధకం నూనె తయారీకి సాయపడుతుంది. పల్లీ ప్రొటీన్‌లో ముందే తక్కువగా ఉండే మెథియోనిన్ లాంటి అమైనో ఆమ్లాలకు కావలసిందీ ఇదే.

బోరాన్ లోపిస్తే గుర్తు పట్టడం తేలిక. గింజను రెండు బద్దలుగా విడదీస్తే లోపలి ముఖం మధ్యలో గుంట పడి, గోధుమ రంగుకు తిరిగి ఉంటుంది. పైకి గింజ బాగానే కనిపిస్తుంది కాబట్టి కొనేటప్పుడు పది గింజలైనా చీల్చి చూడాలి. సున్నం ఎక్కువున్న నల్ల నేలల్లో ఇనుము మొక్కకు అందక లేత ఆకులు పసుపెక్కుతాయి. ఆకు పసుపెక్కితే పిండి పదార్థం తయారవదు, గింజకు నూనెగా మారడానికి సరుకు అందదు.

నీళ్ల సంగతి కూడా నేలతో ముడిపడినదే. పంట మధ్యలో బెట్ట వస్తే మొక్క కోలుకుంటుంది. గింజ ఊరే చివరి రోజుల్లో బెట్ట తగిలితే గింజ నిండక నూనె తగ్గుతుంది, ఆ మేరకు ప్రొటీన్ శాతం పెరిగినట్టు కనిపిస్తుంది. అది నిజమైన పెరుగుదల కాదు, నూనె వాటా తగ్గడం వల్ల వచ్చిన అంకె. అదే బెట్టలో, చివరి 4–6 వారాల పాటు కాయ చుట్టూ నేల 26–31 డిగ్రీల మధ్య వేడిగా ఉంటే, ఆస్పర్‌జిల్లస్ అనే బూజు గింజలోకి చొరబడి అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. బోరు నీటితో పండే పాలమూరు యాసంగి పల్లీకి ఎగుమతిదారుల్లో మంచి పేరు రావడానికి కారణం ఇదే. చివరి తడులు అందుతాయి, నేల చల్లగా ఉంటుంది, కోత సమయానికి వాన ఉండదు. నేరుగా తినే పల్లీలో ఆ విషానికి ఐరోపా కూటమి పరిమితి కిలోకు 4 మైక్రోగ్రాములే కాబట్టి ఈ పేరుకు డబ్బు విలువ కూడా ఉంది.

ఒకే మొక్కలో మూడు వయసుల గింజలు

రకం, నేల గురించి మాట్లాడేవారు తరచూ మరిచిపోయేది గింజ వయసు. పల్లీ మొక్క ఒకేసారి పూయదు. విత్తిన 25–30 రోజులకు పూత మొదలై వారాల తరబడి సాగుతుంది. పీకిన రోజున ఒకే మొక్కకు ముదురు కాయలు, నడి కాయలు, లేత కాయలు వేలాడుతుంటాయి. లేత గింజలో నూనె తక్కువ, ఉన్న నూనెలో కూడా లినోలిక్ ఎక్కువ. చక్కెరలు, విడి అమైనో ఆమ్లాలు, ముఖ్యంగా ఆర్జినిన్, ఎక్కువగా ఉంటాయి. గింజ ముదిరేకొద్దీ ఇవి నూనెగానూ ప్రొటీన్‌గానూ మారతాయి. ఓలిక్ వాటా పెరుగుతుంది. ఒకే రకం, ఒకే చేను, పది రోజుల ముందు పీకితే ల్యాబ్ రిపోర్టు వేరే రకం అనిపించేలా వస్తుంది.

ముదిరిందో లేదో పై డొల్ల చూస్తే తెలియదు. కాయ పగలగొట్టి డొల్ల లోపలి ముఖం చూడాలి. తెల్లగా మెత్తగా ఉంటే లేత, గోధుమ నలుపు మచ్చలు కమ్ముకుంటే ముదురు. చేనులో నాలుగైదు చోట్ల మొక్కలు పీకి చూస్తే 75–80 శాతం కాయల్లో ఈ రంగు కనబడ్డప్పుడు పీకాలి. ఇంకా ఆగితే స్పానిష్ రకాలతో వేరే ప్రమాదం. ఈ గింజలకు నిద్రావస్థ లేదు. కోత ముందు వాన పడితే నేలలోనే మొలకెత్తుతాయి. మొలకతో పాటు నూనె విరిగి స్వేచ్ఛా కొవ్వు ఆమ్లాలు పెరుగుతాయి.

లేత గింజలు ఏం చేస్తాయో వంటింట్లో కళ్లారా చూడొచ్చు. ఒక గుప్పెడు పల్లీలు తీసుకుని, ముడతలు పడిన సన్న గింజలను, పొర రంగు పాలిపోయినవాటిని ఒక పక్కకు, నిండు గింజలను ఇంకో పక్కకు ఏరాలి. మూకుడులో రెండింటినీ కలిపి సన్న సెగన వేయిస్తే, నిండు గింజలు లేత బంగారు రంగుకు తిరిగేసరికే ముడత గింజలు నల్లబడి ఉంటాయి. చక్కెరలూ అమైనో ఆమ్లాలూ వేడికి కలిసి పల్లీకి కమ్మటి వాసననిచ్చే పదార్థాలుగా మారతాయి. ఆ రెండూ హద్దు మీరి ఉన్న గింజలో మార్పు తొందరగా మొదలై చేదులోకి దాటిపోతుంది. పల్లీ చట్నీ అడుగున నాలుకకు తగిలే చేదు చాలాసార్లు ఇలాంటి గింజలదే. మంట తగ్గించినా పోదు. వేయించకముందే జల్లెడ పట్టి సన్న గింజలు తీసేయాలి.

ఆరబెట్టడం మరో మలుపు. పీకినప్పుడు గింజలో తేమ 35–50 శాతం దాకా ఉంటుంది. దాన్ని 8 శాతానికి దించాలి. కాయలు గాలికి తగిలేలా మొక్కలను బోర్లించి రెండు మూడు రోజులు ఆరబెట్టి, ఆ తర్వాత కాయలు కోసి పలచగా ఆరబోయడం మేలైన పద్ధతి. తొందరపడి యంత్రంలో 40 డిగ్రీలు దాటిన వేడి గాలి కొడితే గింజకు ప్రాణవాయువు అందక పులిసిన వాసన పుట్టి, వేయించినా పోకుండా ఉంటుంది. తడి కాయలను కుప్ప పోసి పాలిథిన్ కప్పితే లోపల వేడెక్కి బూజు పడుతుంది. అప్పటిదాకా రకం, నేల కలిసి ఇచ్చిన మంచి అంతా ఆ రెండు రాత్రుల్లో పోతుంది.

గానుగ దగ్గర లెక్క

పది కిలోల గింజల్లో నూనె 48 శాతం అనుకుందాం. 4.8 కిలోల నూనె, 5.2 కిలోల ఇతర పదార్థం. గానుగ నూనెనంతా పిండలేదు. నూనె పిండాక మిగిలే చెక్కలో 12 శాతం దాకా నూనె ఉండిపోతే చెక్క బరువు 5.9 కిలోలు, చేతికి వచ్చే నూనె 4.1 కిలోలు, అంటే దాదాపు 4.5 లీటర్లు. అదే గింజల్లో నూనె 44 శాతమే ఉంటే చేతికి వచ్చేది 3.6 కిలోలు, 4 లీటర్లకు కాస్త తక్కువ. ల్యాబ్ కాగితం మీద నాలుగు శాతం, గానుగ దగ్గర అర లీటరు. గానుగవాడు మోసం చేశాడని అనుమానించే ముందు ఆ పల్లీ ఏ కారుదో, గింజ నిండిందో లేదో చూసుకోవాలి.

ప్రొటీన్ అంకె దగ్గర ఇంకో మెలిక ఉంది. ల్యాబ్‌లో నేరుగా కొలిచేది నత్రజనిని. దాన్ని ఒక గుణకంతో హెచ్చించి ప్రొటీన్ అంటారు. పల్లీకి సరైన గుణకం 5.46. అన్ని ఆహారాలకూ అలవాటుగా వాడే గుణకం 6.25. నత్రజని 4.5 శాతం ఉన్న ఒకే పల్లీకి మొదటి లెక్కన ప్రొటీన్ 24.6 శాతం, రెండో లెక్కన 28.1 శాతం. రెండు ల్యాబుల రిపోర్టులు పోల్చి ఒక రకాన్ని ‘ప్రొటీన్ రకం’ అనేముందు కింద చిన్న అక్షరాల్లో ఉన్న ఆ గుణకాన్ని చదవాలి.

నమూనా తీసే పద్ధతి సరిగా లేకపోతే ఇంత లెక్కా వృథా. బస్తా మూతి విప్పి పైనుంచి గుప్పెడు తీస్తే సరిపోదు. రవాణాలో కుదుపులకు సన్న గింజలు, ముక్కలు అడుక్కి చేరతాయి, పైన నిండు గింజలే మిగులుతాయి. పది బస్తాల నుంచైనా పైన, మధ్య, అడుగు తీసి, ఒక గుడ్డ మీద పోసి బాగా కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు ఉంచుకుంటూ అర కిలోకు తగ్గించాలి. గాలి చొరని సంచిలో పెట్టి చీటీ మీద రకం పేరు, మండలం, విత్తిన తేదీ, పీకిన తేదీ, తడి పంటో వానాధారమో రాయాలి. నూనె, ప్రొటీన్, కొవ్వు ఆమ్లాలకు ఈ అర కిలో చాలు. అఫ్లాటాక్సిన్‌కు చాలదు. విషమంతా వేల గింజల్లో ఒకటి రెండింట్లోనే దాగి ఉండొచ్చు కాబట్టి, ఐరోపా నిబంధనల ప్రకారం పెద్ద లాటు నుంచి 20 కిలోల నమూనా తీసి, మెత్తగా పొడి చేసి బాగా కలిపాకే పరీక్షకు తీసుకుంటారు.